రెండు పారామీటర్ల బారసాల

మే నెల రెండో సోమవారం పొద్దున ఏడు గంటలకు ఎర్రకొండ నగరంలోని ఆఫీసర్స్ కాలనీకి ముప్ఫై ఒక్క నీళ్ళ ట్యాంకర్లు వచ్చి ఒకదాని వెనుక ఒకటి నిలబడ్డాయి. ఆ కాలనీలో ఎవరూ నీళ్ళు అడగలేదు. అక్కడి కొళాయిల్లో రెండు పూటలా నీళ్ళు వస్తాయి. కమిషనరు గారి కారు గేటు దాటి బయటికి రాలేకపోయింది. ఆయన ఇంటికి వచ్చిన అల్లుడు రైలు అందుకోలేక, మరో నాలుగు రోజులు అత్తగారింట్లోనే ఉండిపోయాడు. ట్యాంకర్ల డ్రైవర్లను ఎంత బతిమాలినా కదలలేదు. వాళ్ళ చేతుల్లో కంప్యూటరు చీటీలున్నాయి. చీటీలో రాసిన చోట నీళ్ళు దించకపోయినా, చీటీ లేకుండా ఇంకెక్కడికైనా వెళ్ళినా సస్పెన్షనే అని ఆ ఏడాదే ఉత్తర్వు వచ్చింది. చివరికి మల్లె పాదులకు పోశారు, కార్లు కడిగారు, టెన్నిసు కోర్టు తడిపారు. ఇంకా మిగిలిపోతే రోడ్డుమీద వదిలేశారు.

అదే సమయానికి ఊరి రెండో చివర, గుట్టమీద ఉన్న గుట్టకాలనీలో మూడు వందల బిందెలు వరుసలో కూర్చున్నాయి. అది ముప్ఫై ఒకటో వార్డు. అక్కడికి నాలుగు ట్యాంకర్లు రావాలి. ఒక్కటీ రాలేదు.

నగరపాలక సంస్థ రెండో అంతస్తులో కంప్యూటరు విభాగం ఉంది. విభాగమంటే భ్రమరాంబ ఒక్కతే. పదకొండేళ్ళుగా ఆమె అక్కడ కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఏటా మార్చి ఆఖరున ఆమె ఉద్యోగం పోతుంది, ఏప్రిల్లోనో మేలోనో పెద్దల సంతకమయ్యాక తిరిగి వస్తుంది. ఆ మధ్య రోజుల్లో కూడా ఆమె ఆఫీసుకు వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే కాంట్రాక్టు అయిపోయిన సంగతి కంప్యూటర్లకు తెలియదు. ఈ ఏడు ఆ సంతకం ఇంకా పడలేదు.

పది నిమిషాల్లో ఆమెకు తప్పు దొరికింది. ట్యాంకర్లు పంపడానికి ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఉంది. దానికి రెండు అంకెలు ఇవ్వాలి: ఏ వార్డుకు, ఎన్ని ట్యాంకర్లు. అలా ఇచ్చే అంకెలనే పారామీటర్లంటారు. ఆ ఫంక్షన్ ఉన్నదని ముందుగా ప్రకటించే చోటు ఒకటుంటుంది, దాన్ని డిక్లరేషన్ అంటారు. ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మహానుభావుడు ఆ డిక్లరేషన్‌లో 'ఒక అంకె, ఇంకొక అంకె' అని మాత్రం రాసి, పేర్లు పెట్టకుండా వెళ్ళిపోయాడు. పేర్లు లేకపోయినా యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు. తికమకపడేది చదివే మనిషే. ఈమధ్య ఫోన్లలో వచ్చే ఫిర్యాదుల కోసం ప్రోగ్రాములో ఇంకో భాగం రాసిచ్చిన బయటి కంపెనీ వాళ్ళు ఆ డిక్లరేషన్ చూసి, మొదటి అంకె ట్యాంకర్లదీ రెండోది వార్డుదీ అనుకున్నారు. ముప్ఫై ఒకటో వార్డుకు నాలుగు ట్యాంకర్లు కావాలని ఫోనొస్తే, వాళ్ళ భాగం 'నాలుగు, ముప్ఫై ఒకటి' అని అందించింది. ఫంక్షన్ నాలుగో వార్డుకు ముప్ఫై ఒక్క ట్యాంకర్లు పంపింది. నాలుగో వార్డంటే ఆఫీసర్స్ కాలనీ.

చేయాల్సిన పనులు రెండే. ఫోన్ల భాగంలో ఒక్క లైనులో అంకెల వరుస మార్చాలి. మళ్ళీ ఎవరూ పొరబడకుండా డిక్లరేషన్‌లో పేర్లు రాయాలి. ముందున్న టీ చల్లారేలోపు అయిపోయే పని. కానీ నడుస్తున్న ప్రోగ్రామును ముట్టుకోవాలంటే అనుమతి కావాలి కనుక భ్రమరాంబ సాంకేతిక సేవల జాయింట్ డైరెక్టరు కోదండపాణి గారి గదిలోకి వెళ్ళింది.

కోదండపాణి గారు అంతకుముందు పట్టు పరిశ్రమలోనూ, దానికి ముందు ఉద్యానవనాల్లోనూ పనిచేశారు. ఎక్కడ పనిచేసినా ఫైలు నడిపించడంలో మంచి పేరుంది.

"సార్, మన ఫంక్షన్ డిక్లరేషన్‌లో పారామీటర్లకు పేర్లు లేవు. అందుకే ఇదంతా."

"ఫంక్షనా? ఎప్పుడమ్మా? నాకు పిలుపే రాలేదే!"

"ఆ ఫంక్షన్ కాదు సార్." ఆమె ఓపిగ్గా మొదటినుంచి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. అన్నీ విన్నాక ఒక్క మాట పట్టుకున్నారు.

"అంటే, ఈ సంస్థలో ఇన్నేళ్ళుగా పేరూ ఊరూ లేని రెండు శాల్తీలు పనిచేస్తున్నాయన్నమాట."

"శాల్తీలు కాదు సార్, అంకెలు. ఒకదానికి వార్డు అనీ, ఇంకోదానికి ట్యాంకర్లు అనీ పేరు పెట్టి, ఒక లైను సరిచేస్తాను. మధ్యాహ్నానికల్లా గుట్టకాలనీకి నీళ్ళు వెళ్తాయి."

కోదండపాణి గారు ఉలిక్కిపడ్డారు. "పేరు పెట్టడానికి నువ్వెవరమ్మా? నేనెవర్ని? సందుకు పేరు పెట్టాలంటేనే కౌన్సిల్ తీర్మానం కావాలి. పేరు పెట్టడమంటే విధాన నిర్ణయం!"

"పోనీ ఆ లైను ఒక్కటన్నా..."

"ఆ లైనును అసలే ముట్టుకోవద్దు. కమిషనరు గారి అల్లుడి రైలు తప్పించిన లైను అది. సాక్ష్యం."

ఆ సాయంత్రానికి ప్రోగ్రాము పాస్‌వర్డును కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, ఆయన బీరువాలో దాచారు. మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"విషయము: ఫంక్షన్ డిక్లరేషనులయందు పారామీటర్లకు నామకరణము చేయుట గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ పారామీటరునూ పేరు లేకుండా విధులలో కొనసాగించరాదు. పేర్లు సూచించుటకు ఒక ఉపసంఘము నియమించడమైనది. ఉపసంఘము సూచించిన పేర్లపై ప్రజల అభ్యంతరములు పదిహేను రోజులు స్వీకరించబడును. అంతవరకు యథాతథ స్థితి కొనసాగించవలెను."

యథాతథ స్థితి అంటే పెద్ద నంబరు వార్డులకు నీళ్ళు లేకపోవడం, చిన్న నంబరు వార్డుల్లో రోడ్లు కడగడం.

ఉపసంఘంలో ముగ్గురు. అధ్యక్షులు కోదండపాణి గారు. భాషా నిపుణులుగా, పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు నృసింహశాస్త్రి గారు. మూడోవారు సంస్థ న్యాయ సలహాదారు. భ్రమరాంబ పని ఒక పక్కన కూర్చుని వాళ్ళన్నది రాసుకోవడం.

మొదటి సమావేశంలో మొదటి పారామీటరుకు 'వార్డు' అనే పేరు చర్చకు వచ్చింది. "అది ఇంగ్లీషు ముక్క," అన్నారు శాస్త్రి గారు. "'పుర విభాగము' అందాం."

"విభాగమంటే ఏ విభాగమైనా కావచ్చు. కోర్టులో నిలవదు," అన్నారు న్యాయ సలహాదారు. "'ఎర్రకొండ నగరపాలక సంస్థ పరిధిలోని' అని ముందు చేర్చాలి."

"నీటి ఎద్దడి మాట లేకపోతే సందర్భం ఎలా తెలుస్తుంది?" అన్నారు కోదండపాణి గారు.

ఇలా ఒకరు ఒక మాట చేర్చగా ఇంకొకరు దాన్ని కాపాడేందుకు రెండు మాటలు చేర్చారు. మూడో సమావేశానికి మొదటి పారామీటరు పేరు ఇలా తయారైంది: 'ఎర్రకొండ_నగరపాలక_సంస్థ_పరిధిలో_నీటి_ఎద్దడిని_ఎదుర్కొనుచున్న_పుర_విభాగము_యొక్క_క్రమ_సంఖ్య'. చివర 'తాత్కాలికము' అని కూడా చేర్చారు, ఎద్దడి శాశ్వతమని ప్రతిపక్షం అనకుండా. రెండో పారామీటరు పేరు దీనికంటే రెండక్షరాలు ఎక్కువైందని తేలడంతో ఒక పూట సమావేశం ఆగిపోయింది. వరుసలో రెండోదానికి మొదటిదానికంటే పెద్ద పేరుంటే సీనియారిటీ దెబ్బతింటుందని న్యాయ సలహాదారు హెచ్చరించారు. శాస్త్రి గారు ఒక సంధి కలిపి ఆ రెండక్షరాలూ తగ్గించారు. అందరూ ఆయన్ని అభినందించారు.

నాలుగో సమావేశం టీ కోసం ఆగినప్పుడు గుట్టకాలనీ నుంచి కుళ్ళాయమ్మ వచ్చింది. ఆమె కాలనీలో ఇడ్లీల బండి పెట్టుకుని బతుకుతుంది. నీళ్ళు లేక ఆ బండి నాలుగు రోజులుగా మూతపడింది. ఆమె వెంట పాతికమంది ఆడవాళ్ళు, పాతిక ఖాళీ బిందెలు. వాచ్‌మన్ వాళ్ళను ఒక్కో అంతస్తూ మీదికి పంపి, చివరికి భ్రమరాంబ దగ్గర వదిలేశాడు.

"ఏం మేడమా, మా ట్యాంకర్లు యాడికి పోయినాయి? కిందామె అడిగితే పేరు పెడతాండారు, కూచోండి అంటాది. ఎవురికి పేరు? ఎవురికి పుట్టినారు?"

భ్రమరాంబకు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. తన బల్లమీద రెండు కప్పులు పెట్టింది. ఇది వార్డు, ఇది ట్యాంకర్లు. ఇవి ఇలా ఉండాలి, ఇలా తారుమారయ్యాయి అని చూపించింది. కుళ్ళాయమ్మ ఆ కప్పుల వంక చూసి, చేత్తో వాటిని అటూ ఇటూ జరిపింది.

"అంటే మేము నాలుగు అడిగితే, ఆ దొరలకు ముప్పై ఒకటి పోతాండాయి."

"అవునమ్మా."

"మరి ఆ దొరలు ముప్పై ఒకటి అడిగితే, మాకు నాలుగు రావల్ల గదా?"

భ్రమరాంబ ఆమె ముఖంలోకి చూసింది. ఉపసంఘంలో ఈమె ఒక్కతె ఉంటే మొదటి రోజే పని తెమిలిపోయేది అనుకుంది. "వస్తాయి," అంది మెల్లగా. "కానీ వాళ్ళెందుకు అడుగుతారు?"

"వాల్లెందుకు అడుగుతారు? మా ఓబులేసు అడుగుతాడు."

ఓబులేసు ఆమె మరిది. ఆఫీసర్స్ కాలనీలో ఒక సూపరింటెండెంటు ఇంజనీరు గారింట్లో వంటవాడు. మర్నాడు పొద్దున వాడు అయ్యగారి ఇంటి ఫోను తీసి, గొంతు బరువుగా పెట్టి, నాలుగో వార్డుకు ముప్ఫై ఒక్క ట్యాంకర్లు అర్జెంటుగా కావాలన్నాడు. గంటలో గుట్టకాలనీకి నాలుగు ట్యాంకర్లు ఎక్కి వచ్చాయి. కుళ్ళాయమ్మ బండి మీద మళ్ళీ పొగ లేచింది.

పదహారు రోజులు అలాగే సాగింది. పదిహేడో రోజు విజిలెన్స్ విభాగం వారికి రికార్డుల్లో ఒక విచిత్రం కనపడింది. నగరంలో రెండు పూటలా కొళాయి వచ్చే ఒకే ఒక్క కాలనీ రోజూ ముప్ఫై ఒక్క ట్యాంకర్లు అడుగుతోంది. సూపరింటెండెంటు ఇంజనీరు గారికి నోటీసు వెళ్ళింది: "తమ నివాసము నుండి దినమునకు ముప్పది యొక్క ట్యాంకర్ల నీటిని కోరుటకు గల దాహ కారణములను మూడు దినములలో వివరించవలెను." ఆయన ఇంటి ఫోనుకు తాళం వేశారు. ఓబులేసు ఉద్యోగం పోలేదు. వాడి పప్పుచారు తినకుండా ఆ ఇంట్లో ఎవరూ ఉండలేరు. కానీ గుట్టకాలనీకి మళ్ళీ నీళ్ళు ఆగిపోయాయి.

ఈలోగా ఆఫీసులో 'అనామక పారామీటర్ల నిర్మూలన పక్షోత్సవాలు' మొదలయ్యాయి. రోజూ పదిన్నరకు ఉద్యోగులంతా మెట్లమీద నిలబడి కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశారు: "నేను పేరులేని పారామీటరును చూడను, చూసినచో ఊరుకోను." తోటమాలులూ డ్రైవర్లూ కూడా చేశారు. అది ఏమిటో ఎలా ఉంటుందో తెలియని వాళ్ళే గట్టిగా చెప్పారు. ఆ ఊపులో మిగతా ప్రోగ్రాములను కూడా తనిఖీ చేశారు. జనన ధ్రువపత్రాల ప్రోగ్రాములో 'ఎన్' అనే ఒక్క అక్షరంతో ఒక పారామీటరు పట్టుబడింది. అది మారుపేరేమోనని అనుమానం వచ్చింది. దాని పూర్తి పేరు తేలేదాకా నగరంలో పుట్టిన వాళ్ళెవరికీ ధ్రువపత్రాలు ఇవ్వొద్దన్నారు. తొమ్మిది రోజులు ఎర్రకొండలో అధికారికంగా ఎవరూ పుట్టలేదు.

భ్రమరాంబ ఒక నోటు రాసి కోదండపాణి గారి ముందు పెట్టింది. డిక్లరేషన్‌లో పేర్లు చదివే మనుషుల కోసమే. కంపైలర్ వాటిని పట్టించుకోదు. ఎంత పెద్ద పేరు పెట్టినా ఆ లైను సరిచేయకపోతే ట్యాంకర్లు తప్పు చోటికే పోతాయి అని అందులో వివరంగా రాసింది.

"కంపైలరెవరు? ఏ క్యాడరు?" అని అడిగారాయన.

"మనం రాసింది యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేది సార్."

"ఓహో, అనువాదకుడు. అనువాదకుడు ఉపసంఘం ఆమోదించిన పేర్లను వదిలేస్తాడా? ఎంత ధైర్యం! మెమో ఇవ్వు."

"సార్, అది మనిషి కాదు..."

"మనిషి కాకపోతే మాత్రం? నియమం నియమమే."

భ్రమరాంబ కంపైలరుకు షోకాజ్ నోటీసు టైపు చేసింది. దానికి నంబరు పడింది, డిస్పాచ్ రిజిస్టరులో చేరింది, ఒక కాపీ ఆమె కంప్యూటరు మీద అంటించారు. ఏడు రోజులు గడిచాయి. "గడువులోగా సంజాయిషీ రానందున, కంపైలరు ఉపసంఘము నిర్ణయమునకు సమ్మతించినట్లుగా భావించడమైనది" అని ఫైలులో రాసి సంతకం చేశారు.

జూన్ ఆఖరు వారానికి పేర్లు ఖరారయ్యాయి. వాన ఇంకా పడలేదు. పేర్లు పెట్టడమంటూ జరిగితే బారసాల చేయాల్సిందే కదా అని మేయరు గారు అన్నారు. ఆవిడ మనవరాలి బారసాల అంతకుముందు నెలలోనే జరిగింది, సామగ్రి ఇంకా ఇంట్లోనే ఉంది. కోదండపాణి గారికి మొట్టమొదటిసారి ఈ వ్యవహారమంతా పూర్తిగా అర్థమైంది.

"నువ్వు మొదట్లో ఫంక్షన్ అన్నప్పుడే నాకు తెలుసమ్మా," అన్నారాయన భ్రమరాంబతో.

టౌన్‌హాలుకు మామిడి తోరణాలు కట్టారు. వేదికమీద పట్టుగుడ్డ పరిచి కంప్యూటరును కూర్చోబెట్టి, బుగ్గన చుక్క కూడా పెట్టారు. గుట్టకాలనీ వాళ్ళను లబ్ధిదారులుగా రెండు బస్సుల్లో తెచ్చి ముందు వరుసల్లో కూర్చోబెట్టి, తలా ఒక నీళ్ళ ప్యాకెట్ ఇచ్చారు. కుళ్ళాయమ్మ తన ప్యాకెట్ తాగలేదు. కొంగులో ముడి వేసుకుంది.

పళ్ళెంలో బియ్యం పోసి మేయరు గారి ఉంగరంతో శాస్త్రి గారు పేరు రాయడం మొదలుపెట్టారు. 'ఎర్రకొండ నగరపాలక' దగ్గరకే పళ్ళెం అయిపోయింది. ఇంకో పళ్ళెం తెచ్చారు. తరువాత వంటవాళ్ళ దగ్గర నుంచి బేసిన్లు తెచ్చారు. చివరికి భోజనాల బల్లలు నాలుగు కలిపి వాటిమీద అరబస్తా బియ్యం పరిచారు. 'ఎదుర్కొనుచున్న' దగ్గర అరసున్నా పెట్టాలా వద్దా అని శాస్త్రి గారు ఆగి ఆలోచిస్తుండగా ఫ్యాను గాలికి 'నీటి ఎద్దడి' కొట్టుకుపోయింది. మళ్ళీ రాశారు. రెండు పేర్లూ పూర్తయ్యేసరికి పన్నెండైంది. బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలి కనుక మేయరు గారు వంగి, కంప్యూటరు పక్కనున్న గాలి రంధ్రాల్లో రెండు పేర్లనూ మూడేసిసార్లు చెప్పారు. ఆవిడ లేచి నిలబడేసరికి ముఖం ఎర్రబడింది, ఊపిరి ఆడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు కోదండపాణి గారు లక్కముద్ర పగలగొట్టి, పాస్‌వర్డు తీసి భ్రమరాంబకు ఇచ్చారు. "పేర్లు మాత్రమే ఎక్కించు. ఇంకే లైనూ కదపకు. సాయంత్రం ఐదింటికి కవరు నాకు తిరిగి ఇవ్వాలి."

ఆమె రెండు పేర్లూ ఎక్కించింది. మేయరు గారు ఫిర్యాదుల నంబరుకు స్వయంగా ఫోను చేసి, ముప్ఫై ఒకటో వార్డుకు నాలుగు ట్యాంకర్లు కావాలన్నారు. అందరూ వెనకాల ఉన్న పెద్ద తెర వైపు తిరిగారు. తెరమీద ఇలా వచ్చింది:

'నాలుగో వార్డుకు ముప్ఫై ఒక్క ట్యాంకర్లు బయలుదేరినవి.'

మేళగాడు పొరబాటున ఒక దెబ్బ వేసి ఆగాడు. కమిషనరు గారు తన కారు ఎక్కడ పెట్టారో డ్రైవరుకు ఫోను చేసి కనుక్కున్నారు. మేయరు గారు కోదండపాణి గారి వంక చూశారు.

అలాంటి క్షణంలో మామూలు మనిషి కుప్పకూలిపోతాడు. కోదండపాణి గారు మైకు అందుకున్నారు.

"ప్రియమైన పుర ప్రజలారా! పేర్లలో లోపం లేదు. యంత్రంలో లోపం లేదు. లోపమంతా అంకెల్లో ఉంది! వార్డు సంఖ్య ఒకటి, ట్యాంకర్ల సంఖ్య వేరొకటి కావడం వల్లనే తారుమారు జరుగుతున్నది. ఆ రెండూ ఒకటే అయితే ఎటు తిప్పినా ఒకటే కదా! కనుక రేపటినుంచి ఏ వార్డు నంబరు ఎంతో ఆ వార్డుకు అన్ని ట్యాంకర్లు. ఒకటో వార్డుకు ఒకటి. ముప్ఫై ఒకటో వార్డుకు ముప్ఫై ఒకటి! వరుసగా, ఒకటో వార్డు నుంచి!"

ముందు ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత హాలు దద్దరిల్లింది. గుట్టకాలనీ వాళ్ళు లేచి ఈలలు వేశారు. ఒకటో వార్డు కార్పొరేటరు కుర్చీ పైకెత్తి, తన వార్డుకు వెంటనే ఎనభై అనే నంబరు ఇవ్వాలని అరిచాడు. మిగతావాళ్ళు తొంభై నుంచి బేరం మొదలుపెట్టారు. శాస్త్రి గారు మాత్రం బియ్యం తొక్కవద్దని వేడుకుంటూ తిరిగారు.

భ్రమరాంబ వేళ్ళమీద లెక్క వేసింది. ఊరికి ఉన్నవి నలభై ట్యాంకర్లు. ఒకటీ రెండూ మూడూ... ఎనిమిదో వార్డుకు వచ్చేసరికి ముప్ఫై ఆరు అయిపోతాయి. తొమ్మిదో వార్డు మధ్యలో ఆఖరి ట్యాంకరు ఖాళీ అవుతుంది. తల ఎత్తి చూస్తే, చప్పట్లు కొట్టని మనిషి హాల్లో ఇంకొకతె కనపడింది.

"నలభై బండ్లే గదా మేడమా ఉండేది?" అంది కుళ్ళాయమ్మ, వేదిక అంచు దగ్గరికి వచ్చి. "మా దాంకా యాడొస్తాయి?"

"రావు," అంది భ్రమరాంబ.

కుళ్ళాయమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కొంగు ముడి విప్పి, ఆ నీళ్ళ ప్యాకెట్ తీసి భ్రమరాంబ చేతిలో పెట్టింది. "పొద్దట్నుంచీ ఆ మిషను కాడ్నే కూచోనుండావు. నువ్వు తాగు. గొంతెండిపోయుంటాది," అని వెళ్ళి బస్సెక్కింది.

అందరూ బొబ్బట్ల భోజనానికి లేచారు. వేదికమీద భ్రమరాంబ, కంప్యూటరు మిగిలారు. ఆమె ప్యాకెట్ కొరికి నీళ్ళు తాగింది. కోదండపాణి గారి బీరువాలో సంతకం కాకుండా పడి ఉన్న తన కాంట్రాక్టు కాగితం గుర్తొచ్చింది. ఇంటి అద్దె, పిల్ల కాలేజీ సీటు గుర్తొచ్చాయి. హాల్లో ఇంకెవరూ లేరు కదా అని రెండుసార్లు చూసుకుంది. ఫోన్ల భాగం తెరిచి, ఆ ఒక్క లైనులో రెండు అంకెల వరుస మార్చింది. టీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు. కాకపోతే ఆ మాత్రం పనికి యాభై రోజులు ఆగినందుకు ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది. ఐదింటికి కవరు తీసుకెళ్ళి ఇచ్చేసింది.

కొత్త పద్ధతికి ఉత్తర్వు టైపు కావడానికి ఎలాగూ వారం పడుతుంది. మర్నాడు పొద్దున గుట్టకాలనీ నుంచి మామూలుగానే ఫోను వచ్చింది, నాలుగు ట్యాంకర్లు మామూలుగానే గుట్ట ఎక్కాయి. తొమ్మిదింటికల్లా విలేకర్లు మేయరు గారింటికి వెళ్ళి అభినందించారు. పదింటికి కోదండపాణి గారు భ్రమరాంబను పిలిచి, తలుపు వేయమన్నారు.

"గుట్టకాలనీకి నీళ్ళు వెళ్ళాయట."

"అవును సార్."

"ఎలా వెళ్ళాయి?"

ఆయన కుర్చీలో ముందుకు వంగారు. ఆ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. ఒక్క లైనుతో అయ్యే పనని తెలిస్తే ఉపసంఘం ఏమవుతుంది? పక్షోత్సవాలు, అరబస్తా బియ్యం, కంపైలరుకిచ్చిన నోటీసు ఏమవుతాయి? అన్నీ ఆయన కళ్ళల్లో వరుసగా కనిపించాయి.

"నువ్వేమీ మార్చలేదు కదమ్మా?" అన్నారాయన, దాదాపు బతిమాలుతూ.

నిజం చెప్తే ఆ లైను మళ్ళీ పాత స్థితికి వెళ్తుందని, దానిమీద ఇంకో విచారణ వేస్తారని ఆమెకు తెలుసు. "పేర్లు ఎక్కించాను సార్. అవి లోపలికి ఇంకడానికి ఒక రోజు పట్టినట్టుంది."

కోదండపాణి గారు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలారు. "ఇంకడానికి. అంతే. నేనూ అదే అనుకున్నా." ఆ మాట అలాగే నివేదికలోకి ఎక్కింది: "నామములు యంత్రమునందు ఇంకుటకు ఇరువది నాలుగు గంటలు పట్టునని నిర్ధారణ అయినది." ఆ మధ్యాహ్నమే బీరువా తెరిచి ఆమె కాంట్రాక్టు కాగితం మీద కూడా సంతకం చేశారు. ఒక్కో వార్డుకు దాని నంబరంత అనే పద్ధతి ఫైలు ఎవరూ అడగకుండానే అడుగున పడింది.

ఆ నివేదిక చదివి రాష్ట్రంలో ఇదే ప్రోగ్రాము వాడే మిగతా ఊళ్ళన్నీ తమ పారామీటర్లకు బారసాలలు చేయడానికి తయారయ్యాయి. ఉపసంఘాన్ని శాశ్వత మండలిగా మార్చారు. శాస్త్రి గారికి కారు ఇచ్చారు. ఆ వారం నుంచి భ్రమరాంబకు ఫోన్లు రావడం మొదలైంది. అన్నీ వేరే ఊళ్ళలో ఆమెలాంటి కాంట్రాక్టు ప్రోగ్రామర్ల నుంచే. మెట్ల కింద నిలబడి, గొంతు తగ్గించి అడిగేవాళ్ళు: "మేడం, పేర్ల సంగతి సరే. నిజంగా ఏ లైను మార్చారు?" ఆమె చెప్పేది. వాళ్ళు రాసుకునేవాళ్ళు.

ఆదివారం ఆమె గుట్టకాలనీకి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు, తనకే చూడాలనిపించింది. మెట్లెక్కి పైకి చేరేసరికి మూడో ట్యాంకరు వంపు దగ్గర నిలబడి ఉంది. కుళ్ళాయమ్మ దాని పైపు పట్టుకుని బిందెల వరుస నడిపిస్తోంది.

"రా మేడమా! పేపర్లో యేసినారంట, పేరు పెట్టినందుకే నీల్లొచ్చినాయని. నిజమేనా?"

"అట్లే అంటున్నారు."

"అంత పొడుగు పేరు యాలమ్మా పెట్టినారు?"

"పొట్టిగా పెడితే ముగ్గురికీ పని సరిపోదని."

కుళ్ళాయమ్మ పెద్దగా నవ్వింది. ఆ నవ్వులో పైపు జారి, నీళ్ళు భ్రమరాంబ చీర మీదికి చిమ్మాయి. వరుసలో ఆడవాళ్ళందరూ అయ్యో నీళ్ళు, నీళ్ళు అని అరిచారు. భ్రమరాంబ చెప్పులు పక్కకు విడిచి, రెండు చేతులతో పైపు పట్టుకుని దగ్గర్లో ఉన్న బిందెలోకి తిప్పింది.

"ఇది ఎవరి బిందె?" అని అడిగింది.

"ఎవురిదైతే ఏం?" అంది కుళ్ళాయమ్మ. "నిండనీ ముందు."